చిన్న ప్లేట్లు, కొత్త కాక్‌టెయిల్స్: మొదటిసారి వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్ మొదలుకొని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఇప్పుడు కొత్త తరహా రెస్టారెంట్లు కనిపిస్తున్నాయి. మెనూలో బిర్యానీ ఉండదు. ప్లేటులో నాలుగు ముక్కలే వస్తాయి. గ్లాసులో గోంగూర ఉంటుంది, విస్కీలో నెయ్యి వాసన వస్తుంది. అక్కడికి మొదటిసారి వెళ్లేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులిచ్చాం. బెంగళూరు, ముంబై, గోవాల్లోని ఇలాంటి చోట్లకు కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ఇది బారా, రెస్టారెంటా?

రెండూ. మామూలు బారులో మందు ముఖ్యం, తిండి మంచింగ్. మామూలు రెస్టారెంటులో తిండి ముఖ్యం, మందు పక్క వాయిద్యం. ఇక్కడ వంటగదికీ బార్ కౌంటరుకూ సమాన హోదా ఉంటుంది. స్పెయిన్‌లో తపాస్ అనే చిన్న ప్లేట్లు, అక్కడి బాస్క్ ప్రాంతంలో పుల్లకు గుచ్చి ఇచ్చే పించోస్, జపాన్‌లో ఇజకాయా అనే చిన్న బారులు ఇదే పద్ధతిలో నడుస్తాయి. మనకూ ఇది పూర్తిగా పరాయిదేమీ కాదు. కల్లు కాంపౌండులో సీసా పక్కన గుడాలు, బోటి, తలకాయ, వేయించిన చేప ముక్కలు కొంచెం కొంచెంగా తెప్పించుకుని నంజుకోవడం తెలంగాణలో అందరికీ తెలిసిందే. కొత్తగా వచ్చిన తేడా ఒకటే. ప్రతి ప్లేటూ విడిగా ఆలోచించి చేసిన పూర్తి వంటకం, పక్కన నంజుడు కాదు.

చిన్న ప్లేటు అంటే ఎంత ఉంటుంది? ఎన్ని ఆర్డర్ చేయాలి?

సాధారణంగా మూడు నుంచి ఆరు ముక్కలు, లేదా నలుగురికి రెండేసి చెంచాలు. మనిషికి రెండు ప్లేట్లు, టేబుల్ మొత్తానికి పైన ఇంకొకటి అని లెక్క వేసుకుంటే దాదాపు సరిపోతుంది. అంటే ఇద్దరికి ఐదు, నలుగురికి తొమ్మిది. బాగా ఆకలితో వెళ్తే ఇంకో రెండు కలుపుకోండి.

ఆర్డర్ చెప్పే ముందు ప్రతి ప్లేటులో ఎన్ని ముక్కలు వస్తాయో అడగండి. అడగడానికి మొహమాటపడతారు గానీ, నలుగురున్న టేబుల్‌కు మూడు ముక్కల ప్లేటు వస్తే చివరి ముక్క ఎవరూ తీసుకోకుండా చల్లారిపోతుంది. చాలా చోట్ల అదనంగా ఒక ముక్క వేసి దాని ధర బిల్లులో కలుపుతారు. కానీ ఆ మాట ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. ప్లేటు టేబుల్ మీదికి వచ్చాక చెప్తే ఒక్క ముక్క కోసం వాళ్లు మళ్లీ పొయ్యి దగ్గర నిలబడాలి.

అన్నీ ఒకేసారి చెప్పేయవచ్చా?

దయచేసి అలా చెప్పకండి. ఇలాంటి చోట భోజనం పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

మీరు పది ఐటమ్‌లు ఒకే ఊపులో చెప్పారనుకోండి. ఆ కేఓటీ (వంటగదికి వెళ్లే ఆర్డర్ చీటీ) ఒకేసారి వంటగదిలో అన్ని విభాగాలకూ వెళ్తుంది. వేపుడు దగ్గర నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. చల్లని వంటకాలు చేసే చోట ముందే కోసి పెట్టుకుంటారు కాబట్టి అంతకన్నా త్వరగా వస్తాయి. బొగ్గుల మీద కాల్చేవాటికి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. ఎవరి పని అయిపోగానే వాళ్లు పంపిస్తారు. పావుగంట గడిచేసరికి ప్లేటు పెట్టడానికి టేబుల్ మీద చోటుండదు. వేపుడు తన ఆవిరికే మెత్తబడుతుంది, చల్లగా తినాల్సింది నీరు వదులుతుంది, కాల్చిన మాంసం మీద కొవ్వు గడ్డకడుతుంది. ఇంతలో మీ చేతిలోని కాక్‌టెయిల్‌లో ఐసు కరిగి పలచబడిపోతుంది.

దీనికి పరిష్కారం తేలిక. అనుకున్నవాటిలో సగమే ముందు చెప్పండి. మొత్తం ఒకసారే చెప్పాలనిపిస్తే, "మొదటి నాలుగు ఇప్పుడు పంపండి, మిగతావి హోల్డ్‌లో పెట్టండి, మేం చెప్పాక ఫైర్ చేయండి" అనండి. హోల్డ్ (ఆపి ఉంచడం), ఫైర్ (వండటం మొదలుపెట్టడం) అనేవి వంటగదిలో రోజూ వాడే మాటలే. ఆ రెండు మాటలు వినగానే సర్వర్‌కు మీకు తొందర లేదని అర్థమవుతుంది.

వరస విషయానికొస్తే, మన విస్తరి పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు. ఆకు మీద పప్పు, కూర, పచ్చడి, పులుసు అన్నీ ముందే ఉంటాయి. ఏది దేనితో కలపాలో తినేవారి చెయ్యి చూసుకుంటుంది. ఇక్కడ కలపడం వంటగదిలోనే అయిపోయింది, మీ చేతిలో మిగిలింది వరస ఒక్కటే. అందుకే వరసను తేలిగ్గా తీసుకోకూడదు. చల్లగా, పుల్లగా ఉండేవి మొదట. కరకరలాడేవి ఆ తర్వాత. కాల్చినవి మూడోసారి. చిక్కటి గ్రేవీ, వెన్న, చీజు ఉన్నవీ, వాటితో వచ్చే రొట్టె, పావ్, అన్నం లాంటివీ ఆఖర్న. ఘాటైన వెల్లుల్లి సాసు ముందు నాలుకకు తగిలితే, ఆ తర్వాత వచ్చే పచ్చి చేపకు రుచే తెలియదు. మధ్యలో ఒకసారి సైడ్ ప్లేట్లు మార్చమని అడగండి. చేప నూనె అంటిన ప్లేటులోనే తీపి సాసున్న వంటకం పెట్టుకుంటే రెండూ చెడతాయి.

కడుపు నిండుతుందా?

నిండుతుంది, కాస్త ఆలస్యంగా. గంటన్నరలో అంచెలంచెలుగా తింటాం కాబట్టి ఆకలి మెల్లగా తీరుతుంది. అన్నం తిననిదే భోజనం చేసినట్టుండదు అనేవారు చివరి రౌండుకు అన్నమో రొట్టెలో ఉన్న ప్లేటు ఒకటి తప్పకుండా ఉంచుకోండి. దాదాపు ప్రతి మెనూలోనూ అలాంటివి ఒకటి రెండు ఉంటాయి. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకండి. మొదటి ప్లేటు కంటే మొదటి డ్రింకే ముందు వస్తుంది.

మెనూలో పేర్లు అర్థం కావడం లేదు. ఏది ఏమిటి?

ఎక్కువగా కనిపించేవి కొన్ని చెప్తాం. సెవిచే అంటే పచ్చి చేప ముక్కలను నిమ్మరసంలో ఊరబెట్టినది, పెరూ దేశపు వంట. టార్టార్ అంటే సన్నగా తరిగిన పచ్చి మాంసం లేదా చేప. క్రూడో అంటే పల్చగా కోసి నూనె, పులుపు చల్లిన పచ్చి చేప. కాన్ఫీ అంటే కొవ్వులో గానీ నూనెలో గానీ సన్నని సెగ మీద గంటల తరబడి మగ్గించినది. క్రోకెట్ అంటే చిక్కటి సాసులో మాంసమో చీజో కలిపి, రొట్టె పొడి అద్ది వేయించిన ఉండ. ఇది నోరు కాలుస్తుంది జాగ్రత్త, లోపల సాసు మరుగుతూ ఉంటుంది. కొరికే ముందు ఫోర్కుతో మధ్యకు విరిచి ఒక్క నిమిషం ఆగండి. హిల్డా అనే పించోలో ఆలివ్, ఉప్పులో ఊరిన ఆంచోవీ చేప, ఊరబెట్టిన పచ్చి మిరపకాయ ఒకే పుల్లకు ఉంటాయి. దాన్ని ఒకే ముద్దగా నోట్లో వేసుకోవాలి. విడివిడిగా తింటే ఒకటి ఉప్పగా, ఒకటి పుల్లగా అనిపించి ఊరుకుంటుంది.

అర్థం కాని పేరుంటే సర్వర్‌ను మూడు విషయాలు అడగండి: ఇది పచ్చిదా వండినదా, చల్లగా వస్తుందా వేడిగానా, దీంట్లో ఎక్కువగా తెలిసే రుచి ఏది. ఈ మూడూ తెలిస్తే పేరు తెలియకపోయినా ఇబ్బంది లేదు.

పచ్చి చేప తినడం ప్రమాదం కాదా?

నిమ్మరసంలో ఊరితే చేప తెల్లబడి ఉడికినట్టు కనిపిస్తుంది. పులుపుకు మాంసకృత్తులు గట్టిపడటం వల్ల అలా ఉంటుంది తప్ప, క్రిములన్నీ చచ్చిపోయాయని అర్థం కాదు. పరాన్నజీవులు చావాలంటే చేపను మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో ఏడు రోజులు, లేదా మైనస్ 35 డిగ్రీల్లో గట్టిపడ్డాక అక్కడే పదిహేను గంటలు ఉంచాలి. ఇంట్లోని ఫ్రీజర్ సాధారణంగా మైనస్ 18 దగ్గర ఆగుతుంది, ఆ పని దానితో కాదు. "ఈ చేప పచ్చిగా తినడానికి ఫ్రీజ్ చేసిందేనా? ఈరోజు ఏ చేప వాడుతున్నారు?" అని అడగండి. తెలిసినవాళ్లు వెంటనే చెప్తారు. జవాబు తడబడితే వండిన వంటకం తీసుకోండి.

గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్ద వయసువారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పచ్చి చేప, పచ్చి మాంసం, పచ్చి గుడ్డు జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మెదడు, మూలుగ, చీమల పచ్చడి లాంటివి ఎలా మొదలుపెట్టాలి?

మనవాళ్లకు ఈ విషయంలో బెరుకు అక్కర్లేదు. బోటి, కార్జం, తలకాయ, పాయా, నల్ల (రక్తంతో చేసే వేపుడు) తిని పెరిగిన ఊళ్లు మనవి. తొలకరికి ఎగిరే ఉసిళ్లను వేయించుకు తినడం కూడా మనకు తెలుసు. మెనూలో వేరే పేరుతో ఉంటే మాత్రం కొత్తగా అనిపిస్తుంది.

మూలుగ ఎముకను నిలువునా చీల్చి ఓవెన్లో కాల్చి ఇస్తారు. వచ్చిన ఐదు నిమిషాల్లో తినేయాలి. వేడిగా ఉన్నప్పుడు అది వెన్నలా జారుతుంది, చల్లారితే పెదవులకు కొవ్వు పట్టేస్తుంది. సన్న చెంచాతో ఎముక అంచు వెంట గీరి తీసి, కాల్చిన రొట్టె మీద పూసి, నాలుగు ఉప్పు రేణువులు చల్లి, నిమ్మకాయ పిండండి. పులుపు లేకుండా తింటే రెండో ముద్దకే మొహం మొత్తుతుంది. మెదడు బాగా చేస్తే పైన కరకర, లోపల మీగడ. లోపల ఇసుకలా తగిలితే ఎక్కువసేపు ఉడికించారన్నమాట.

ఎర్రచీమల పచ్చడి ఒడిశాలోని మయూర్‌భంజ్, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ఆదివాసీల వంట. అందులో మయూర్‌భంజ్ రకమైన సిమిలిపాల్ కాయి చట్నీకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీమల్లోని ఫార్మిక్ ఆమ్లం వల్ల దానికి నిమ్మకాయ లాంటి పులుపు వస్తుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి. రొయ్యలు, పీతలు పడనివారికి చీమలు, మిడతలు కూడా పడకపోవచ్చు. రెండింటిలోనూ ఒకే రకం మాంసకృత్తు ఉంటుంది.

కాక్‌టెయిల్ ఎలా ఎంచుకోవాలి? పేర్లు చూస్తే ఏమీ తెలియడం లేదు.

పేరు వదిలేసి కింద రాసిన వస్తువులు చదవండి. నిమ్మ, చింతపండు, పచ్చి మామిడి, ఉసిరి లాంటి పులుపు ఉంటే అది షేక్ చేసిన తేలిక డ్రింకు. పులుపు ఏదీ లేకుండా రెండు మూడు రకాల మద్యాల పేర్లే ఉంటే అది కలియదిప్పి చేసే గట్టి డ్రింకు. పొడవు గ్లాసు, సోడా, టానిక్ వాటర్ ఉంటే మెల్లగా తాగొచ్చు. కాడ ఉన్న వెడల్పు కూపే గ్లాసులో ఐసు ఉండదు. పది పదిహేను నిమిషాల్లో అది గోరువెచ్చగా మారిపోతుంది, అందుకే ముందు దాన్ని ముగించండి.

పులుపు డ్రింకులన్నిటికీ మూల సూత్రం ఒకటే: మద్యం, పులుపు, తీపి. ఉదాహరణకు 60 మిల్లీలీటర్ల రమ్ముకు 20 మిల్లీలీటర్ల నిమ్మరసం, రెండు బార్ చెంచాల చక్కెర కలిపితే డైకిరి. రమ్ము బదులు విస్కీ, చక్కెర బదులు బెల్లం పాకం, నిమ్మ బదులు చింతపండు రసం వేసుకుంటూ పోతే కొత్త మెనూ తయారవుతుంది. ఇది తెలిశాక మెనూ చదవడం సులువు. మూడింటిలో ఏది మార్చారో వెతకండి చాలు.

బార్‌టెండర్‌కు "ఏదైనా బాగుండేది ఇవ్వండి" అంటే ఆయనకు ఏ ఆధారమూ దొరకదు. "విస్కీ ఇష్టం, తీపి తక్కువ కావాలి, పులుపు ఫరవాలేదు, చేదు వద్దు" అని చెప్పండి. ఆ నాలుగు మాటలతో మంచి బార్‌టెండర్ మీకు నచ్చేదానికి దాదాపు చేరుకుంటారు.

విస్కీలో నెయ్యి, కాక్‌టెయిల్‌లో పాలు అంటున్నారు. ఎలా చేస్తారు?

నెయ్యి పద్ధతిని ఫ్యాట్ వాష్ అంటారు. 750 మిల్లీలీటర్ల సీసాకు సుమారు 100 గ్రాముల కరిగించిన నెయ్యి కలిపి, కొన్ని గంటలు బయట ఉంచి, తర్వాత రాత్రంతా ఫ్రీజర్లో పెడతారు. మద్యం గడ్డకట్టదు, నెయ్యి పైన అట్ట కడుతుంది. ఆ అట్ట తీసేసి బట్టలో, ఆపైన కాఫీ ఫిల్టర్లో వడపోస్తారు. కొవ్వు వెళ్లిపోతుంది, వాసన మిగులుతుంది. వడపోత సరిగా లేకపోతే గ్లాసు మీద నూనె చుక్కలు తేలతాయి. నాలుక మీద జిడ్డు తగిలితే అది తప్పు చేసిన డ్రింకే.

పాలది మరీ చూడముచ్చటైన పని. టీ, పళ్లరసం, నిమ్మ, మద్యం కలిపిన మిశ్రమాన్ని పాలలో మెల్లగా పోస్తారు. సుమారు నాలుగు పాళ్ల మిశ్రమానికి ఒక వంతు పాలు. నిమ్మ తగలగానే పాలు విరుగుతాయి. ఇంట్లో అయితే అయ్యో అనుకునే ఆ విరుగుడే ఇక్కడ కావాల్సింది. తునకలు రంగునూ, వగరునూ తమతో పట్టుకుంటాయి. ఆ తునకల మీదుగానే మళ్లీ మళ్లీ వడపోస్తే, ముదురు గోధుమ రంగు మిశ్రమం కాస్తా నీళ్లలా తేటగా దిగుతుంది. గ్లాసులో చూస్తే ఏమీ లేనట్టుంటుంది, తాగితే టీ, పండు, మసాలా అన్నీ నున్నగా తగులుతాయి. దీన్ని మిల్క్ పంచ్ అంటారు. తేటగా ఉంది కదా అని పాలు పడనివారు తాగకూడదు. విరిగిన తునకలు పోయినా పాల నీళ్లలోని మాంసకృత్తులు అందులో మిగిలే ఉంటాయి.

గోంగూర, పచ్చి మామిడి, తాటి ముంజలు, కరివేపాకు, సోంపు మన దగ్గరి మెనూల్లో బాగా ఒదిగే రుచులు. తాటి ముంజలు వేసవిలోనే దొరుకుతాయి. డిసెంబరులో మెనూలో ముంజలు కనిపిస్తే డబ్బాలోవో సిరప్పో అయ్యుంటుంది, అడిగి తెలుసుకోండి.

కారం వంటకాలకు ఏ డ్రింకు సరిపోతుంది?

గట్టి డ్రింకు మాత్రం కాదు. నోట్లో వేడిని గుర్తించే నాడులను మిరపకాయలోని క్యాప్సైసిన్ రెచ్చగొడుతుంది. మద్యం కూడా అవే నాడులను తట్టి లేపుతుంది. రెండూ కలిస్తే మంట పెరుగుతుంది తప్ప తగ్గదు. గుంటూరు మిరప రుచి తెలిసిన నాలుకకైనా అంతే. కారం ప్లేటుకు కొబ్బరిపాలో, పెరుగో, పండ్ల తీపో ఉన్న తక్కువ ఘాటు డ్రింకు తీసుకోండి. వేపుళ్లకు సోడా బుడగలున్నవి బాగుంటాయి, నూనెను కడిగేస్తాయి. మూలుగ, చీజు లాంటివాటికి చేదు, పులుపు ఉన్నవి. పచ్చి చేపకు జిన్నూ నిమ్మా. డెజర్ట్‌కు మాత్రం డ్రింకు కంటే డెజర్టే తియ్యగా ఉండకూడదు. అలా ఉంటే డ్రింకు పుల్లగా, నీళ్లగా తోస్తుంది.

డ్రింకు నచ్చకపోతే తిప్పి పంపొచ్చా?

రెండు గుక్కలు తాగి చెప్పండి, సగం తాగాక కాదు. చాలావరకు గ్లాసు మార్చక్కర్లేదు, సరిచేస్తారు. తీపెక్కువైతే 5 నుంచి 10 మిల్లీలీటర్ల నిమ్మరసం చాలు. చేదెక్కువైతే రెండు చుక్కల ఉప్పునీరు, ఉప్పు చేదును అణచేస్తుంది. ఘాటెక్కువైతే ఇంకాస్త ఐసు వేసి కలియదిప్పుతారు. నీళ్లగా ఉందంటే మాత్రం ఆ డ్రింకు తిరిగి చేయాల్సిందే. ఐసు తడిసి ఉండటం, ఎక్కువసేపు షేక్ చేయడం, లేక చేసిన గ్లాసు కౌంటరు మీద ఆగిపోవడం దానికి కారణాలు.

"మీ పద్ధతిలోనే చేశారని తెలుసు, నాకు కొంచెం తీపి తగ్గాలి" అంటే ఎవరూ నొచ్చుకోరు.

ఒక కాక్‌టెయిల్ ఎన్ని పెగ్గులతో సమానం?

పండ్లరసంలా ఉన్నా మద్యం తక్కువని కాదు. మన దేశంలో తయారయ్యే విస్కీ, జిన్ను, రమ్ములో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 30 మిల్లీలీటర్ల పెగ్గులో దాదాపు 10 గ్రాముల శుద్ధ ఆల్కహాల్ అన్నమాట. దాన్ని కొలతగా పెట్టుకుని చూద్దాం.

నెగ్రోనీ అనే కాక్‌టెయిల్‌లో జిన్ను, క్యాంపారీ (చేదు లిక్యూర్), తీపి వెర్మూత్ (మూలికలు వేసిన వైన్) తలా 30 మిల్లీలీటర్లు. మొత్తం సుమారు 20 గ్రాములు, అంటే రెండు పెగ్గులు. 60 మిల్లీలీటర్ల విస్కీ పడే సవర్ (పైన చెప్పిన పులుపు డ్రింకు) కూడా అంతే. లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీలో వోడ్కా, టెకీలా, రమ్ము, జిన్ను, నారింజ లిక్యూర్ ఒక్కోటి 15 మిల్లీలీటర్లు పోస్తే సుమారు 25 గ్రాములు, రెండున్నర పెగ్గులు. కోలా కలిపిన రంగు చూసి చల్లని టీ అనుకుని గటగటా తాగేవారు ఇక్కడే దెబ్బతింటారు. 60 మిల్లీలీటర్ల అపెరోల్ (తేలికపాటి చేదు లిక్యూర్), 90 మిల్లీలీటర్ల ప్రొసెకో (బుడగలున్న వైన్), కాస్త సోడా కలిసిన స్ప్రిట్జ్‌లో సుమారు 13 గ్రాములే.

శరీరం గంటకు సుమారు ఒక పెగ్గును, కొందరిలో అంతకన్నా తక్కువను మాత్రమే ఖర్చు చేస్తుంది. కాఫీ, చన్నీళ్ల స్నానం, వాంతి ఏవీ ఆ వేగం పెంచవు. అందుకే గంటన్నర కూర్చునేవారికి రెండు కాక్‌టెయిల్స్ దాటితే మూడోదానికి రుచి తెలియదు, లెక్కా తెలియదు. ప్రతి గ్లాసు తర్వాత ఒక గ్లాసు మంచినీళ్లు తాగండి. మామూలు నీళ్లు అడిగితే ఇవ్వాలి. సీసా నీళ్లే కొనాలన్న నిబంధన లేదు.

ఒక్కటే తాగాను. బండి నడపొచ్చా?

వద్దు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 70 కిలోల మగవారు ఖాళీ కడుపుతో ఒక నెగ్రోనీ తాగితే లెక్క ప్రకారం అది 40 దాకా వెళ్తుంది. 55 కిలోల ఆడవారిలో 60 దాటొచ్చు. అంటే ఒక్క గ్లాసే హద్దు దాటిస్తుంది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ బండి కింద పడేది ఎవరి బిడ్డో. క్యాబ్‌లో వెళ్లి క్యాబ్‌లో రండి. సొంత కారే తీసుకెళ్లాల్సి వస్తే తాగనివారు ఎవరో ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి.

గ్లాసులోంచి పొగలు వస్తున్నాయి. తాగొచ్చా?

పొగ పూర్తిగా ఆగేదాకా ముట్టుకోకండి. అది డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) అయితే మైనస్ 78 డిగ్రీలు, ద్రవ నైట్రోజన్ అయితే మైనస్ 196 డిగ్రీలు. చిన్న ముక్క గొంతులోకి జారినా లోపల కణజాలం కాలిపోతుంది, కడుపులో వాయువుగా మారి ఉబ్బుతుంది. 2024 మార్చిలో గురుగ్రామ్‌లోని ఒక కేఫ్‌లో మౌత్ ఫ్రెషనర్ అనుకుని డ్రై ఐస్ నోట్లో వేసుకున్నవారు రక్తం కక్కుకుని ఆస్పత్రి పాలయ్యారు. సరైన చోట డ్రై ఐసును గ్లాసు కింద విడి గిన్నెలోనో, జల్లెడ ఉన్న అరలోనో పెడతారు, డ్రింకులో వదలరు. గ్లాసు అడుగున తెల్ల ముక్క కనిపిస్తే వెనక్కి పంపండి. చెక్క పొగ పట్టించి గాజు బుడగ కింద తెచ్చేది వేరు, దాంతో భయం లేదు.

నేను తాగను. వెళ్లి లాభం ఉంటుందా?

తప్పకుండా ఉంటుంది. "ఆల్కహాల్ లేనిది" అని మాత్రమే చెప్తే తీపి రసం వచ్చే అవకాశం ఎక్కువ. "టీ వగరు గానీ, చేదు గానీ, వెనిగర్ పులుపు గానీ ఉన్నది కావాలి" అని అడగండి. మద్యం నాలుకకిచ్చే పట్టును వగరు, చేదు కొంతవరకు ఇస్తాయి. చిక్కటి టీ, ఉసిరి, అల్లం, చుక్క ఉప్పు కలిసిన గ్లాసు వంటకాల పక్కన బాగా నిలబడుతుంది. పూర్తిగా మానేసినవారు బిట్టర్స్ (చుక్కలుగా వేసే చేదు మూలికల సారం) వేయవద్దని చెప్పండి. చుక్కలే అయినా వాటిలోనూ ఆల్కహాల్ ఉంటుంది.

శాకాహారులకు, కార్తీక మాసం నియమం పాటించేవారికి?

మెనూలో ఆకుపచ్చ చుక్క చూసి ఆగిపోకండి. దాగి ఉండేవి కొన్ని ఉన్నాయి. విస్కీ సవర్ పైన తెల్లటి నురగ సాధారణంగా గుడ్డు తెల్లసొన. బ్లడీ మేరీ అనే టమాటా కాక్‌టెయిల్‌లో వేసే వూస్టర్ సాసు అసలు తయారీలో ఆంచోవీ చేప ఉంటుంది. కిమ్చీ అనే కొరియా పులిసిన క్యాబేజీలో తరచుగా చేప సాసో రొయ్యలో పడతాయి. దాషి అనే జపాన్ చారు చేపతో కాచినది కావొచ్చు. సీజర్ సలాడ్ సాసులో కూడా ఆంచోవీ వేస్తారు. పన్నా కోటా, మార్ష్‌మాలో లాంటి తీపి వంటకాల్లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉండొచ్చు. తెల్లసొన బదులు ఉడికించిన శనగల నీళ్లతో నురగ చేయించుకోవచ్చు, చాలా చోట్ల అడిగితే చేస్తారు. ఒకే నూనెలో వేయిస్తారా, వేరే నూనె ఉందా అన్నది కూడా అడగాల్సిన మాటే.

అలర్జీ, మందుల విషయం ఎప్పుడు చెప్పాలి?

బుక్ చేసేటప్పుడు ఒకసారి, కూర్చోగానే ఇంకోసారి. జీడిపప్పు, వేరుశనగ, నువ్వులు ఇక్కడ సాసుల్లో, సిరప్పుల్లో, ఆఖరికి డ్రింకుల్లో కూడా ఉంటాయి. ఆర్జా అనే తీపి సిరప్పు బాదంతో చేసిందే. "ఇష్టం లేదు" అనడం వేరు, "పడదు, ఊపిరి ఆడదు" అనడం వేరు. రెండోదైతే సరిగ్గా ఆ మాటే చెప్పండి, అప్పుడే వంటగదిలో కత్తి, పలక మారుస్తారు.

మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నవారు మద్యం ముట్టకూడదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవారికి మద్యంతో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. గ్రేప్‌ఫ్రూట్ రసం కొన్ని కొలెస్ట్రాల్, బీపీ మందుల ప్రభావాన్ని పెంచేస్తుంది. మీ డాక్టరును ముందే అడిగి వెళ్లండి.

వయసు పరిమితి ఎంత?

తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 21 ఏళ్లు. ఢిల్లీలో 25. గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2న మద్యం ఉండదు. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలూ అంతే. ఆ రోజుల్లో తిండి దొరుకుతుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది?

ఇద్దరే అయితే బార్ కౌంటరు దగ్గర. పని కళ్లముందే జరుగుతుంది, డ్రింకు చేతికి చల్లగా వస్తుంది, మాట్లాడే వీలుంటుంది. నలుగురు దాటితే టేబుల్ తీసుకోండి. ఆరుగురికి మించితే రెండేసి ప్లేట్లు చెప్పాల్సి వస్తుంది. అప్పుడు చిన్న ప్లేట్ల సరదా తగ్గుతుంది. శుక్ర, శనివారాల్లో గంటన్నర, రెండు గంటలకే టేబుల్ ఇస్తారు కాబట్టి ఆ మాట ముందే అడగండి. మంగళ, బుధవారాల్లో సాయంత్రం ఏడున్నరకు వెళ్తే వంటగదికీ తీరిక, మీకూ తీరిక. మగవారికి చెప్పులు, షార్ట్స్ అనుమతించని చోట్లున్నాయి.

బిల్లులో ఏం చూసుకోవాలి?

తిండి మీద సాధారణంగా జీఎస్టీ 5 శాతం, బిల్లులో రెండున్నర, రెండున్నరగా విడగొట్టి కనిపిస్తుంది. గది అద్దె 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం. మద్యం మీద జీఎస్టీ ఉండదు, అది రాష్ట్ర పన్నుల పరిధిలోది. కాబట్టి కాక్‌టెయిల్స్ మొత్తాన్ని కూడా కలిపి జీఎస్టీ వేశారేమో చూడండి.

సర్వీస్ చార్జి తప్పనిసరి కాదు. బిల్లులో దాన్ని దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే 1915 నంబరుకు ఫిర్యాదు చేయొచ్చు. సర్వీస్ చార్జి తీయించినా, బాగా చూసుకున్నవారి చేతిలో టిప్పు పెట్టడం మరవకండి. బార్‌టెండర్‌కు విడిగా ఇవ్వండి, టేబుల్ మీద వదిలింది ఆయన దాకా చేరుతుందో లేదో తెలియదు.

మిగిలింది ప్యాక్ చేస్తారా?

కాల్చినవి, గ్రేవీలు, రొట్టెలు చేస్తారు. పచ్చి చేప, పచ్చి మాంసం వంటకాలు అడగకండి, ఇచ్చినా ఇంటికి చేరేసరికి తినదగ్గవి కావు. వేపుళ్లు మూత బిగించిన డబ్బాలో మెత్తబడతాయి. మూత కాస్త తెరిచి తెచ్చి, ఇంట్లో నూనె వేయకుండా పెనం మీద సన్నని సెగపై తిప్పితే సగం కరకర తిరిగొస్తుంది. గ్లాసులో మిగిలిన కాక్‌టెయిల్ బయటికి తీసుకెళ్లనివ్వరు, అక్కడే తాగడానికే వాళ్లకు లైసెన్సు.